సన్నాయి గొట్టంలో నా పగవాడు

నేను ఒక కణాన్ని. కంటికి కనపడను, తూకానికి తూగను, ఏ అంగట్లోనూ దొరకను. ఇంత లేని దానికి ఆత్మకథ కూడానా అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. అరిగిపోయిన నాణెం తన కథ చెప్పుకుంటే చెవులప్పగించి వింటారు, తుప్పుపట్టిన సైకిలు చెప్పుకుంటే అయ్యో పాపం అంటారు, నేను మాత్రం నోరు మూసుకుని ఉండాలా? అవి పదిమంది చేతులు మారాయి, మారినప్పుడల్లా పాతవాడిని మరిచిపోయాయి. నేను ఒక్క మనిషి ఒంట్లోనే పుట్టి, ఆ ఒంట్లోనే కాపురం పెట్టి, ఒక్క శత్రువునే పట్టుకున్నాను. పాము పగ పన్నెండేళ్లంటారు. పన్నెండేళ్లకే చల్లారిపోయే దాన్ని పగ అని ఎలా అంటారో నాకు తెలియదు. నాది చల్లారలేదు.

నా యజమాని పేరు షేక్ మీరావలి. పల్నాడులో సత్తెనపల్లి పక్క పల్లె ఆయనది. దూదేకులవాళ్లు. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు, ఈయన మాత్రం సన్నాయి పట్టుకున్నాడు. మా వైపు పెళ్లి హిందువులదైనా సన్నాయి సాయిబుదే, అందులో ఎవరికీ వింత కనపడదు. ఇక నా నివాసం ఆయన కుడి ఊపిరితిత్తిలోకి వెళ్లే గాలిగొట్టం గోడలో. గొంతుకు బెత్తెడు కింద. ఆయన మాట బయటివాళ్లకంటే ముందు నాకే వినపడుతుంది. ఎదుటివాళ్ల మాటలు కూడా ఎముకల్లో అదురుతూ నా దాకా వస్తాయి. కాబట్టి నేను చెప్పబోయేదంతా చాటున కూర్చుని విన్నదే.

పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. మీరావలి ఇంకా నిక్కర్లు తొడుక్కునే వయసులో, ఆయన తొడ ఎముక మూలుగలో పుట్టాను. అక్కడ పుట్టినవాళ్లలో సగం మంది ఎర్రగా తయారై గాలి మోసే కూలీలుగా పోయారు. నన్ను బడికి తోలారు. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది. పిల్లల్లో బొద్దుగా ఉండి, వయసొచ్చే కొద్దీ ఎండిపోతుంది. అదే మా బడి. మీ బళ్లలో ఫెయిలైతే ఇంటికి పంపుతారు, మా బళ్లో ఫెయిలైతే అక్కడే చంపి పారేస్తారు.

అక్కడ మాకు ఒక్కొక్కడికి ఒక్కో చెయ్యి మొలుస్తుంది. ఏ ఇద్దరి చెయ్యీ ఒకలా ఉండదు. పేకముక్కలు కలిపినట్టు కలిపి, చేతికొచ్చిన ఆకారం అంటగడతారు. ఆ చేతిలో ఇమిడే శత్రువు లోకంలో ఎక్కడైనా ఉన్నాడో లేడో అంటగట్టినవాళ్లకే తెలియదు. తరవాత పరీక్షలు. దేన్నీ పట్టలేని చెయ్యి ఉన్నవాడు పస్తుండి చస్తాడు. సొంత ఇంటి కణాన్ని చూసి చెయ్యెత్తినవాడిని అక్కడికక్కడే ఖతం చేస్తారు. నా కళ్ల ముందు ఎంతమంది రాలిపోయారో! మందలో నూటికి తొంభైమంది పైనే పోయి ఉంటారు. నేను బయటపడ్డాను. ఆ ఇంటివాళ్లెవరి మీదా నా చెయ్యి లేవలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా మీద నిందలు వేసేవాళ్లు తగులుతారు.

బడి దాటాక ఏళ్లూపూళ్లూ పనీపాటా లేకుండా తిరిగాను. నెత్తుట్లో ఈదడం, మెడ దగ్గరో చంక దగ్గరో ఉన్న గ్రంథుల్లో ఆగడం, ‘నా చేతికి తగిన పనేమైనా వచ్చిందా’ అని అడగడం, లేదంటే మళ్లీ దారిపట్టడం. ఈలోగా మీరావలి నిక్కర్ల నుంచి లుంగీల్లోకి వచ్చాడు. ఉద్దండు సాయిబు అనే ముసలాయన దగ్గర సన్నాయి నేర్చుకున్నాడు. ఉద్దండు సాయిబుకి పిల్లల్లేరు. మీరావలిని కొడుకులా పెంచాడు, గొడ్డును బాదినట్టు బాదాడు. రెండూ నిజమే. ఆయన తిట్లు నాకు ఎముకల్లోంచి వినపడేవి. ‘అది ఊదడమంట్రా? పొయ్యి దగ్గర ఊదుకోపో, అన్నమన్నా ఉడుకుద్ది!’ అనేవాడు.

ఆ ముసలాయనకి ఒక పద్ధతి ఉండేది. కచేరీ అయినా పెళ్లి అయినా, ఇంటికి రాగానే కాళ్లు కడుక్కునే ముందే సన్నాయి విప్పి, సన్నటి పుల్లకి గుడ్డ చుట్టి, వేపనూనెలో ముంచి, గొట్టం లోపల ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచేవాడు. పొద్దస్తమానం ఆకువక్క నమిలే నోరు కదా, లోపల ఎర్రటి తడి చేరేది. మీరావలి నేర్చుకున్న మొదటి పని రాగం కాదు, ఆ తుడవడమే.

ఒక ఏడాది పెళ్లిళ్ల కాలంలో పిడుగురాళ్లలో ఒక పెళ్లికి ఊదివచ్చి, ఉద్దండు సాయిబు జ్వరంతో మంచమెక్కాడు. సన్నాయి తుడవకుండానే గుడ్డ సంచిలోకి పోయింది. నాలుగు రోజులు తిరక్కుండా ఆయన కన్నుమూశాడు. పోయేముందు మీరావలిని పిలిచి, ‘నా గొట్టం నీదేరా, ఊదుకో’ అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. నలభయ్యో రోజు ఫాతెహా చదివించాక మీరావలి సంచి విప్పి, గొట్టం కొస ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. ఆకువక్క వాసన వచ్చింది. ఆ మనిషి భోరున ఏడ్చాడు. ఏడుపు అయ్యాక పుల్లా, గుడ్డా, వేపనూనె సీసా తీసి అటక మీద పెట్టేశాడు.

ఆయన భార్య సైదాబీ ఉన్నమాట అనేస్తుంది. ‘అదేందయ్యా, ఉద్దండు తాత రోజూ తుడిచేవోడు గదా?’ అంది.

‘ఆయన ఊపిరి ఆయన తుడుచుకున్నాడు. ఆయన ఆఖరి ఊపిరి ఇందులో ఉండాది. దాన్ని నా చేత్తో నేనెట్టా తుడుస్తానే?’

చూశారా మనుషుల భక్తి? గురువు బతికున్నన్నాళ్లూ ఏ పని తప్పకుండా చెయ్యమన్నాడో, ఆయన పోగానే ఆయన మీది గౌరవంతోనే ఆ పని మానేశాడు. చీకటి గొట్టం, లోపల తడి, ఆకువక్క ఉమ్మి, పైనుంచి రోజూ వెచ్చటి ఊపిరి. బూజుకి ఇంతకన్నా అత్తారిల్లు ఏముంటుంది? నల్లగా, మెత్తగా పుట్టుకొచ్చింది. ఊదేవాడు ఊపిరి కూడా తీసుకోవాలి కదా. మీరావలి సన్నాయి మొదట్లో ఉండే రెల్లు పీకని పెదవుల మధ్య నుంచి తియ్యకుండానే నోటి పక్కల నుంచి గబుక్కున పీల్చేవాడు. అలా పీల్చినప్పుడల్లా గొట్టంలోని బూజు గింజలు నాలుగు లోపలికి వచ్చేవి. ఆయన దాన్ని గురువుగారి ఊపిరి అనుకున్నాడు.

గాలిగొట్టం గోడలో కొమ్మలు చాచుకుని కూర్చునే కాపలావాళ్లు ఉంటారు, వాళ్లూ మా కణజాతే. వచ్చిన పరాయి సరుకును పట్టి, ముక్కలు చేసి, దగ్గర్లోని గ్రంథికి మోసుకొచ్చి మాకు చూపిస్తారు. ఆ రోజు నేను అక్కడున్నాను. ‘ఎవడి చేతికి సరిపోతుందిరా ఈ తునక?’ అని కాపలావాడు అరిచాడు. వేలమంది వచ్చి తడిమి పెదవి విరిచి వెళ్లారు. నేను తడిమాను. అబ్బ! ఒళ్లంతా జివ్వుమంది. ఇన్నేళ్లు ఊరికే మోసిన చెయ్యి గుప్పెట బిగిసింది. నేనెందుకు పుట్టానో ఆ క్షణాన తెలిసింది. మీలో ఎంతమందికి ఆ భాగ్యం దక్కింది?

కాపలావాడు తునక ఇవ్వడంతో ఊరుకోడు, చెవిలో ఒక మాట చెబుతాడు. ఆ మాటను బట్టి మా బతుకు మారిపోతుంది. వైరస్ దూరిందంటే ఒక రకం పటాలమవుతాం, పేగుల్లో ఏలికపాము దూరిందంటే ఇంకో రకం. బూజు గింజలకు గోడను కొరికే రసాలు ఉంటాయి. అవి తగలగానే గోడ కణాలు ‘కొరుకుతున్నాడు బాబోయ్’ అని గోలపెట్టాయి. కొరికేది పురుగే అయి ఉంటుందనుకున్నాడు కాపలావాడు. పురుగుల మీద దండెత్తే పటాలంలో నన్ను చేర్చేశాడు. ఇలాంటి మమ్మల్ని డాక్టర్లు రెండో రకం సహాయక కణాలంటారు. సహాయమట! పేరు పెట్టినవాడి నోట్లో చక్కెర పొయ్య.

నేను ఒక్కడిని వేలమందినయ్యాను. గాలిగొట్టం గోడలోకి దిగాం. నేను కత్తి పట్టే రకం కాదు, కబురుపెట్టి పని చేయించే రకం. ఒక జాతి కణాలకి కబురంపి, ఆ బూజుకి తగిన కొక్కేలు చేయించాను. ఆ కొక్కేలను మాస్ట్ కణాలకి తగిలించాను. అవి మందు కూరిన పాతర్లు, బూజు గింజ కొక్కేనికి తగలడం ఆలస్యం పేలతాయి. మూలుగలోంచి ఇసినోఫిల్స్ అనే ముష్కరులను రప్పించాను, వాళ్ల ఒళ్లంతా విషపు సంచులే. గోడలకి జిగురు పోయించాను. గొట్టం చుట్టూ ఉన్న కండను బిగించాను. ఏలికపామైతే చచ్చి ఊరుకునేది. ఇక్కడ వచ్చేది పిసరంత బూజు గింజ. దానికి ఇంత హంగామా ఎందుకని నన్నడక్కండి. శత్రువు కొలత చూసి పగ పెట్టుకునే అలవాటు పల్నాడులో లేదు.

మొదట దగ్గుతో మొదలైంది. సైదాబీ మిరియాల కషాయం కాచింది, తులసాకు నమిలించింది. ఆపైన దిష్టి అంది. పక్క ఊరి మేళంవాళ్లెవరో ఏదో చేయించారని కూడా అంది. కూతురు కరీమున్ గుంటూరులో డిగ్రీ చదువుతూ, సెలవుల్లో తండ్రి దగ్గర సన్నాయి నేర్చుకునేది. ఒకసారి ఆ పిల్ల హాస్టల్ పని మీద మీరావలి గుంటూరు వెళ్లి చుట్టాలింట్లో కొన్నాళ్లున్నాడు. దగ్గు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ‘గుంటూరు నీళ్లు పడ్డాయి’ అన్నారు అందరూ. సన్నాయి వెంట తీసుకెళ్లలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే సాధనకి కూర్చున్నాడు. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. కసితీరా ఉతికాను.

మనిషి చిక్కిపోతున్నాడు. ఒక ఊపిరిలో రాగం సగం దాకా లాగేవాడు, ఇప్పుడు నాలుగు స్వరాలకే ఆగి రొప్పుతున్నాడు. డోలు వాయించే అంకమరావు, చిన్నప్పటి స్నేహితుడు, ఆయన ఆగినచోటల్లా నాలుగు దెబ్బలు ఎక్కువేసి కప్పిపుచ్చేవాడు. ‘మీరన్నా, కొన్నాళ్లు ఇంటికాడ పడుకోరాదా’ అంటే, ‘గురువుగారు ఊదీ ఊదీ మంచమెక్కాడు, నేను ఊదకుండా ఎక్కనా?’ అనేవాడు. ఒంట్లో బాగాలేని రోజున ఇంకా ఎక్కువ ఊదేవాడు. ఊపిరి ఆడకపోతే గురువు గుర్తొస్తాడట. గుర్తొస్తే ఆ గొట్టమే కావాలట. నాకు రోజూ పండగే.

సత్తెనపల్లిలో ఒక మిర్చి వ్యాపారి ఇంటి పెళ్లిలో తాడోపేడో తేలింది. తాళి కట్టే సమయానికి గట్టిమేళం వాయించాలి. సన్నాయి, డోలు చెవులు చిల్లులు పడేలా మోగాలి. ఎందుకంటే ఆ క్షణాన ఎవరైనా తుమ్మినా, దగ్గినా, ఏడ్చినా పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల చెవిన పడకూడదు, అపశకునం. పంతులు చెయ్యెత్తాడు. ‘గట్టిమేళం, గట్టిమేళం’ అని పెద్దలు కేకలేశారు. మీరావలి పెద్ద ఊపిరి లాగి ఊదబోయాడు. ఆ లాగడంలో బూజు దండిగా వచ్చింది. పాతర్లన్నీ ఒక్కసారే పేల్చాను.

సన్నాయిలోంచి స్వరం రాలేదు, దగ్గు వచ్చింది. పందిరంతా వినపడేంత దగ్గు. అంకమరావు ఒళ్లు తెలియకుండా డోలు బాదాడు, బాదినకొద్దీ దగ్గు పెరిగింది. మూడు ముళ్లూ ఆ దగ్గులోనే పడ్డాయి. మీరావలి పెదాలు నీలంగా మారి పక్కకి ఒరిగిపోయాడు. ఎవరో నీళ్లు చల్లారు. పెళ్లికూతురి పెదనాన్న ఆయన మీదికి వంగి అన్నాడు:

‘దగ్గు వినపడకూడదనే గదయ్యా నిన్ను పిలిపించింది! నువ్వే దగ్గితే ఎట్టా?’

ఆ మాట మీరావలికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఆయన అవమానంతో నాకు పనిలేదు. నాకు కావలసినవాడు గొట్టంలో ఉన్నాడు, వాడి పని పట్టే దాకా నాకు కన్నుమిన్ను కానరాదు.

కరీమున్ పట్టుబట్టి నరసరావుపేటలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ హైమవతి వెన్ను మీద గొట్టం పెట్టి విని, ఉబ్బసం అని చెప్పింది. ఏం పని చేస్తారని అడిగింది. సన్నాయి అనగానే, దాన్ని చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారంది. కరీమున్ చెప్పేసింది.

‘మీరావలి గారూ, ఆ గొట్టంలో బూజుంది. దాని మీద కోపంతో మీ ఒంట్లో కాపలావాళ్లే మీ ఊపిరి బిగించేస్తున్నారు. ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు. రేపు ఆ సన్నాయి పట్టుకురండి, ఒకసారి చూద్దాం’ అంది డాక్టరమ్మ.

‘అది బూజు కాదమ్మా, మా గురువుగారి ఊపిరి తడి. దాన్ని మీకు చూపించను’ అని ఈయన లేచి నిలబడ్డాడు.

ఎలక మీద కోపమట! ఇల్లు తగలబడితే నేను మాత్రం ఎక్కడ ఉంటాను? అదే ఇంట్లో కదా కాలేది. అయినా ఎలకను ఎవరు పోషిస్తున్నారో, రోజూ ఎవరు ఇంట్లోకి చేయిపట్టి తీసుకొస్తున్నారో, ఆ మనిషిని ఒక్క మాట అనరు. నిప్పు పెట్టిన నేను దుర్మార్గుణ్ణి.

డాక్టరమ్మ పీల్చే మందు రాసింది. అది కూడా చిన్న గొట్టమే. నోట్లో పెట్టుకుని నొక్కి లోపలికి పీల్చాలి. అక్కడే నాకు అదృష్టం కలిసొచ్చింది. మీరావలి దాన్ని పెదాల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని, బుగ్గలు పూరించి బలంగా ఊదాడు. మందంతా వెళ్లి గోడ మీది క్యాలెండరుకి తగిలింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ‘ఊదడం కాదండీ, పీల్చాలి’ అంది. ‘చిన్నప్పటినుంచీ గొట్టం నోట్లో పెడితే ఊదడమేనమ్మా నాకు తెలిసింది’ అన్నాడాయన. ఆమె ముందు ఎలాగో ఒకసారి సరిగ్గా పీల్చాడు. ఇంటికొచ్చాక సిగ్గుపడి తలుపు వెనక చాటుకు వెళ్లి వేసుకునేవాడు, వేసుకున్నప్పుడల్లా ఊదేవాడు. మందొస్తోంది, ఇక మా పని అయిపోయిందని నేను గోడకు కరుచుకుని కూర్చుంటే, ఎంతకీ రాదు. తలుపు వెనక సున్నానికి మాత్రం ఉబ్బసం రాకుండా పోయింది.

కొన్నాళ్లకి కరీమున్ చూసేసింది. ‘నాయనా! నువ్వు దానికి ఊదుతున్నావా?’ అని నెత్తి కొట్టుకుంది. పక్కన కూర్చుని, ‘పీల్చు, ఊదమాక, లోపలికి, లోపలికి’ అని పసిపిల్లాడికి అన్నం పెట్టినట్టు నేర్పింది. ఆ పూట మందు వచ్చింది. అయ్యో, ఏం చెప్పమంటారు! ఇసినోఫిల్స్ గుంపులు గుంపులుగా చచ్చారు. మాస్ట్ కణాలు చల్లబడ్డాయి. జిగురు ఆరింది. నా వాళ్లు చాలామంది కూడా పోయారు. నేను గోడలో లోతుకి దిగి, ఊపిరి బిగబట్టి బతికాను. గుర్తుపెట్టుకోవడం కోసమే మిగిలేవాళ్లం మేము కొందరం ఉంటాం, మేం అంత తేలిగ్గా చావం. మందు వేసే ప్రతి పూటా పళ్లు నూరుకుంటూ, నా సమయం రాకపోతుందా అని కాచుకున్నాను.

సమయం మీరావలే తెచ్చిపెట్టాడు. ఊపిరి కాస్త కుదుటపడగానే, నయమైంది గదా అని మందు మానేసి, ఆ గొట్టాన్నే పొద్దున్నా సాయంత్రం ఊదాడు. ఒక ఉదయం సాధనలో ఉండగా విరుచుకుపడ్డాను. ఆ రోజు నేను దేన్నీ లెక్కచెయ్యలేదు. గొట్టాలన్నీ బిగిసిపోయాయి, జిగురు బిరడాల్లా అడ్డుపడింది. ఆయన రెండు చేతులూ మంచం పట్టీ మీద ఆనించి, నోరు తెరిచి, చూపు మాత్రమే మిగిలిన మనిషిలా కూర్చున్నాడు. ‘నాయనా!’ అని కరీమున్ పెట్టిన కేక నా దాకా వచ్చింది. ఆంబులెన్సులో ఆయన గుండె ఎంత వేగంగా కొట్టుకుందో, ఒక్కసారి ఎలా తడబడిందో నాకు తెలుసు. ఇల్లు నిజంగానే అంటుకుంది. నేను వెనక్కి తగ్గానా అంటే, తగ్గలేదు. శత్రువు ఎదురుగా ఉన్నాడు.

ఆస్పత్రిలో సూదులు, ఆక్సిజన్, ఏదో చేసి మనిషిని నిలబెట్టారు. డాక్టరమ్మ కరీమున్‌ను పక్కకి పిలిచి, ఈసారి ఇలా వస్తే నేను మాట ఇవ్వలేనమ్మా అంది. ఆ మాట మంచం మీద ఆయనకీ వినపడింది, నాకూ వినపడింది. ఆ పిల్ల తల్లిని ఆస్పత్రిలో ఉంచి, పల్లెకి బస్సెక్కింది.

ఆ తరవాత అక్కడ జరిగింది నేను చూడలేదు. ఆయన ఇంటికొచ్చి సంచి విప్పినప్పుడే తెలిసింది. గొట్టం కొస ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేపనూనె వాసన. ఇంకేమీ లేదు.

‘ఎవరు ముట్టుకున్నారే దీన్ని?’

‘నేనే నాయనా. కుంకుడు రసం పోసి కడిగా. గుడ్డతో తుడిచా. నల్లగా ఎంత వచ్చిందో చూస్తే నీకు అన్నం దిగదు. నీడన ఆరబెట్టి నూనె పట్టించా. తాత తుడిచినట్టే తుడిచా.’

‘మా గురువుని రెండోసారి చంపావే!’

ఆ పిల్ల కళ్లు తుడుచుకుందేమో, గొంతు మాత్రం తడబడలేదు. ‘ఆయన్ని నేను చంపలా, నిన్ను చావనీలా. తిట్టు నాయనా, ఎంతన్నా తిట్టు. తిట్టటానికైనా ఊపిరుండాలిగా.’

ఆయన తిట్టలేదు. అంతకంటే అన్యాయం చేశాడు, మాట్లాడడం మానేశాడు. సన్నాయి గోడకి తగిలించి ఉంది, ఆయన దాని వైపు చూడడు. కరీమున్ పూటపూటకీ మందు గొట్టం తెచ్చి ముందు పెడుతుంది, ఆయన మూగగా పీలుస్తాడు. ఊదడం మరిచిపోయాడు. సైదాబీ ఇద్దరి మధ్యా తిరుగుతూ, ‘ఇదేం ఇల్లో, ఇదేం మనుషులో’ అని గిన్నెలు గట్టిగా పెట్టేది. ఇక నా సంగతి. కసి కసిగానే ఉంది. చెయ్యి బిగిసే ఉంది. తగిలే గింజ లేదు. వాడిని నేను చంపి ఉంటే ఆ ముచ్చట వేరు. కుంకుడు రసంతో ఒక పిల్ల కడిగేసింది, నా పగను మురుగు కాలవలో పోసేసింది. ఆ పిల్ల మీద నాకు పీకలదాకా కోపముంది, ఎవరికి చెప్పుకోను?

ఉద్దండు సాయిబు పోయిన రోజు వచ్చింది. ప్రతి ఏడూ శిష్యుడు ఊరి బయట గోరీల దొడ్డికి వెళ్లి, ఆయన సమాధి దగ్గర తోడి రాగం ఊదిరావాలి. ఈసారి వెళ్లడనుకున్నారు. పొద్దున్నే లేచి, తలకి స్నానం చేసి, గోడ మీది సన్నాయి తీశాడు. ఎవరినీ రమ్మనలేదు. అంకమరావు డోలు తగిలించుకుని వెనక నడిచాడు, ఆ వెనక కరీమున్.

సమాధి పక్కన నేల మీద కూర్చుని పీక తడి చేసుకున్నాడు. ఊపిరి లాగి మొదలుపెట్టాడు. అమ్మో, ఏం ఊపిరి! నా గొట్టాలు ఇంత బార్లా తెరుచుకుని ఉండడం నేనే ఎన్నాళ్లకో చూశాను. గాలి గుప్పెటలు గుప్పెటలుగా దిగింది, స్వరమై బయటికి పోయింది. గురువు దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్న గమకాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అంకమరావు డోలు మీద చెయ్యి ఆన్చి, వాయించడం మరిచి, ఏడుస్తూ కూర్చున్నాడు.

కానీ నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఆయన కావలసిన దానికంటే లోతుగా పీలుస్తున్నాడు. పీకను పెదాలతో గట్టిగా పట్టుకుని, అడుగు దాకా లాగుతున్నాడు. పీల్చినప్పుడల్లా వెతుకుతున్నాడు. నేనూ గోడలోంచి ముందుకి వంగి, చెయ్యి చాచి కాచుకున్నాను. ప్రతి ఊపిరిలోనూ వేపనూనె వచ్చింది. సమాధుల మీది మట్టి వాసన వచ్చింది, చల్లటి గాలి వచ్చింది. అంతే.

రాగం ముగించి సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు నోరు తెరిచాడు. కూతురితో ఇన్నాళ్లకి మాట్లాడిన మొదటి మాట అది.

‘రాలేదమ్మా.’

‘ఎవరు నాయనా?’

‘మీ తాత. ఎంత లాగినా రాలేదు.’

కరీమున్ పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నాకు కూడా తగిలింది.

ఆయనకి తెలియనిది ఒకటుంది. ఆ ముసలాయన నోటి తడి తాగి పెరిగిన నా పగవాడి ఆనవాలు ఇక ఈ లోకంలో ఒక్కచోటే మిగిలింది, నా చేతి గుప్పెట్లో. ఆ సంగతి ఆయనకి చెబుదామంటే నాకు వచ్చిన భాష దగ్గు ఒక్కటే. ఆ రోజు దగ్గుకి కూడా కారణం దొరకలేదు. ఎండెక్కే దాకా ఆయన ఆ రాతి పక్కనే కూర్చున్నాడు, నేను ఆయన గుండె పక్కన కూర్చున్నాను, ఇద్దరం ఆ ముసలాయన కోసమే చూస్తూ ఉండిపోయాం.